ముసలాళ్ళ డాక్టరమ్మ

గౌసియా మిలిటరీ నుంచి రిటైరై బందరు తిరిగొచ్చిన ఏడాది, ఇనుగుదురుపేటలో తండ్రి కట్టించిన ఇంటి ముందుగదిలో ఆస్పత్రి పెట్టింది. అది 1992. నాలుగు బెంచీలు, ఒక బల్ల, తెర వెనక ఒక మంచం. గుమ్మం పక్కన బోర్డు మీద ఆమె పేరు, కింద చదువు, దాని కింద లెఫ్టినెంట్ కల్నల్ అని హోదా. లేడీ డాక్టరు వచ్చిందని తెలిసి మొదటి వారంలోనే చుట్టుపక్కల వీధులవాళ్ళు కడుపుతో ఉన్న కూతుళ్ళనీ కోడళ్ళనీ వెంటబెట్టుకొచ్చారు.

"కాన్పులు చేస్తారాండీ?"

"చెయ్యనమ్మా. నేను పెద్దవాళ్ళకి చూస్తాను. వయసు మళ్ళినవాళ్ళకి."

"వయసైపోయాక ఇంక చూసేదేవుందండీ?" అని ఒకావిడ వెటకారమేమీ లేకుండా, నిజంగానే తెలియక అడిగింది.

గౌసియాకి ఆ ప్రశ్న కొత్త కాదు. మిలిటరీలో పై అధికారులు కూడా ఇంచుమించు అదే అడిగారు. గుంటూరులో డాక్టరు చదువు పూర్తి చేసి సైన్యంలో చేరినప్పుడు ఆమెకి పాతికేళ్ళు దాటలేదు. తండ్రి ఇబ్రహీం ఆస్పత్రిలో కాంపౌండరు. కూతురు మిలిటరీ దుస్తుల్లో దిగిన ఫొటోని ఆయన చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడట. సంబంధాలు వస్తున్న రోజుల్లో ఆమె ఎక్కడో పంజాబ్ సరిహద్దులో ఉంది. సెలవులు దొరికే హోదా వచ్చేసరికి సంబంధాలు రావడం మానేశాయి. ఆ సంగతి గురించి ఆమె పెద్దగా బాధపడినట్టు కనిపించదు. అసలు ఆలోచించడానికి తీరిక లేకపోయింది.

సికింద్రాబాద్ ఆస్పత్రిలో పెన్షనర్ల వార్డు ఆమెకి అప్పగించినప్పుడు తోటి డాక్టర్లు జాలిపడ్డారు. ఆ వార్డులో పేరొచ్చే పని ఏదీ ఉండదు. నడి వయసు రాకముందే సైన్యం నుంచి ఇంటికి పంపేసిన సిపాయిలు, ముసలితనంలో ఒక సంచీ నిండా మందుబిళ్ళలతో రెండు రైళ్ళు మారి అక్కడికి వచ్చేవాళ్ళు. వాళ్ళ మంచాల పక్కన కూర్చునే ఆమె తన వైద్యం నేర్చుకుంది. ముసలి ఒళ్ళు పుస్తకంలో రాసినట్టు జబ్బు పడదు. గుండెపోటు వస్తే నొప్పి ఉండదు, అన్నం సయించదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరితే జ్వరం రాదు, మాట తడబడుతుంది. మతి పోయిందని తీసుకొచ్చిన మనిషికి ఒక్కోసారి చెవిలో గుబిలి తప్ప ఇంకేమీ ఉండదు. ఏ మందు ఇవ్వాలన్నదానికంటే ఏ మందు మాన్పించాలన్నది తేల్చడమే ఎక్కువ కష్టం.

బందరులో ఆ చదువు చెల్లుబాటు కాలేదు. జనానికి సూది కావాలి, సెలైను సీసా కావాలి. ఈవిడ సూది వెయ్యదు, సీసా పెట్టదు. సంచీలో మందులన్నీ బల్ల మీద బోర్లించి, సగం పక్కకి తోసి, "ఇవి మానెయ్యండి, ఒకసారి లేచి గుమ్మందాకా నడవండి, చూస్తాను" అంటుంది. వచ్చినవాళ్ళు మర్యాదగా నడిచి చూపించి, అటునుంచి అటే ఇంకో డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళు. ఒక పెళ్ళి విందులో ఊళ్ళో డాక్టరొకాయన నవ్వుతూ అన్నాడు కూడా, "మేడం, మీ దగ్గరికి మందులతో వచ్చి మందుల్లేకుండా వెళ్తున్నారటగా జనం!" చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వారు. గౌసియా కూడా నవ్వింది. ఆ తర్వాత ఆమె విందులకి వెళ్ళడం తగ్గించేసింది.

బోర్డు మీది హోదా చదివి లోపలికొచ్చిన మొదటి మనిషి నాగభూషణరావు. గుడివాడ ఆయనది, సుబేదారుగా రిటైరయ్యాడు. చెప్పులు బయట విడిచి, బల్ల ముందు నిటారుగా నిలబడి, "జైహింద్ మేడం" అని సెల్యూట్ కొట్టాడు. బెంచీల మీద ఉన్న ఇద్దరు ముగ్గురు బెదిరిపోయారు.

"మా వాళ్ళు ఈ కృష్ణా జిల్లాలో చాలామందే ఉన్నారు మేడం. మిలిటరీ ఆస్పత్రి చూస్తే సికింద్రాబాదులో ఉందాయె. రైలెక్కే ఓపికున్నవాడికి జబ్బుండదు, జబ్బున్నవాడికి రైలెక్కే ఓపికుండదు. మీరు వారానికొక్క రోజు గుడివాడ వచ్చారంటే గది నేను చూపిస్తాను."

అలా సోమవారాలు గుడివాడ, కొన్నాళ్ళకి గురువారాలు అవనిగడ్డ. మిగతా రోజులు బందరు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ అక్విడక్టు వంతెన మీదుగా దివిసీమలోకి దిగేది. సైనికులతో బాటు వాళ్ళ భార్యలు, వెనకే వాళ్ళ వీధిలోని ముసలివాళ్ళు వచ్చేవాళ్ళు. ముసలాళ్ళ డాక్టరమ్మ అన్న పేరు అక్కడే పడింది. ఆ పేరు పెట్టినవాళ్ళలో ఎగతాళి లేదని తెలిసి, ఆమె దాన్ని ఉండనిచ్చింది.

ఇంటి దగ్గర తల్లి ఆమినా బీ ఉండేది. తండ్రి పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. కూతురు బస్సు దిగి వచ్చే వేళకి ఆమినా బీ టీ కాచి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇంట్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఉర్దూ. తల్లి మాటల్లో సగం తిట్లే: ఆలస్యమెందుకైంది, మధ్యాహ్నం ఏం తిన్నావు, ఆ చీర ఇస్త్రీ చెయ్యకుండా ఎలా కట్టావు. ఒంటరిగా మెస్సుల్లో తిని బతికిన మనిషికి ఆ తిట్లు ఎంత హాయిగా ఉండేవో గౌసియా ఎప్పుడూ పైకి చెప్పలేదు.

ఆ తర్వాత టీలో పంచదార రెండుసార్లు పడడం మొదలైంది. ఒక రోజు పంచదారకి బదులు ఉప్పు. అడిగిన మాటే మళ్ళీ అడగడం. పక్కింటి సరళ, "అమ్మగారు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి ఇది మా ఇల్లేనా అని అడిగారండీ" అని నసుగుతూ చెప్పింది. గౌసియా అన్నీ విన్నది, అన్నీ గమనించింది. ఆ జబ్బు పేరు ఆమెకి తెలుసు. అది ఏ దారిన నడిచి ఎక్కడికి చేరుతుందో కూడా తెలుసు. దానికి మందు లేదని మిగతా అందరికీ చెప్పినంత తేలిగ్గా తనకి తాను చెప్పుకోలేకపోయింది.

1995 వర్షాకాలంలో, గుడివాడ నుంచి తడిసి వచ్చిన ఒక సాయంత్రం, ఆమినా బీ కుర్చీలోంచి లేచి ముసుగు సర్దుకుని ఎంతో మర్యాదగా పలకరించింది.

"రండి డాక్టర్ గారూ, కూర్చోండి. మీరు తడిసిపోయారు. మా అమ్మాయి ఇంకా రాలేదు."

జన్మలో తల్లి నోటినుంచి ఆమె 'నువ్వు' తప్ప వినలేదు. 'మీరు' అన్న ఆ మాటకి గౌసియా వానలోనే గుమ్మం అవతల నిలబడిపోయింది.

"అమ్మీ, నేనే. గౌసియాని."

ఆమినా బీ ఆమె మొహంలోకి చూసి, ఏదో తప్పు మాట విన్నట్టు నొచ్చుకుంది. "మా గౌసియా చిన్నపిల్లండీ. మిలిటరీలో ఉంది."

ఆ రోజు నుంచీ పగలు ఆమినా బీని సరళ కనిపెట్టుకుని ఉండేది. ప్రతి సాయంత్రం అదే తంతు. గౌసియా ఫొటోలు చూపించేది, చిన్నప్పటి సంగతులు చెప్పేది, చేతి మీది కాలిన మచ్చ చూపించేది. ఆమినా బీ ముందు వినేది, తర్వాత భయపడేది, చివరికి, "మా అమ్మాయిని ఏం చేశారు?" అని ఏడ్చేది. మరపు జబ్బువాళ్ళతో ఇలా వాదించకూడదని వార్డులో జూనియర్లకి పాఠం చెప్పిన మనిషే రోజూ అదే చేస్తూ వచ్చింది. రోగి బంధువులకి చెప్పడం వేరు. తనని తల్లి మరిచిపోయిందని ఒప్పుకోవడం వేరు.

ఆ మరుసటి ఏడాదే ఒక గురువారం అవనిగడ్డకి, కోడూరు అవతల సముద్రం వైపున్న పల్లె నుంచి పెద్దింట్లమ్మ అనే ఆవిడ భర్తని తీసుకొచ్చింది. ఆయన పేరు యలమంద. పద్దెనిమిదేళ్ళకే సైన్యంలో చేరి, బర్మా యుద్ధం చూసి, చైనా యుద్ధం కూడా చూసి హవల్దారుగా ఇంటికొచ్చిన మనిషి. ఇప్పుడు తూలుతున్నాడు, కళ్ళు మూసుకుపోతున్నాయి. కాలి మడమ పైన తాడు ఒరుసుకున్న పుండు.

"ఇదేంటమ్మా?" అంది గౌసియా.

పెద్దింట్లమ్మ దాచలేదు. "నేనే కట్టానమ్మా, మంచానికి. పొద్దుగూకేతలికి కర్ర బుజానేసుకుని కరకట్ట ఎక్కుతాడు. తెల్లార్లూ అక్కడే. పడతాడేవోనని బయం. ఊళ్ళో ఆరెంపీ నిద్రమందు సూదేత్తన్నాడు. పగలంతా ఇట్టా, రాత్రికి మళ్ళీ కేకలు."

గౌసియా ఆయన్ని తెర వెనక పడుకోబెట్టింది. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే కుండలా గట్టిగా తగిలింది. ఎన్నాళ్ళనుంచో మూత్రం సరిగా దిగడం లేదు, లోపల చీము పట్టింది. చెప్పుకోలేని ఆ బాధ కేకలుగా బయటికొస్తుంటే, పైనుంచి నిద్రమందు ఇంకా మత్తెక్కిస్తోంది. గొట్టం వేసి మూత్రం తీశాక ఆ ముసలాయన మొహం తేటపడడం చూసి పెద్దింట్లమ్మ కొంగుతో ఆయన నుదురు తుడిచింది. నిద్రమందు ఆపేశారు. విజయవాడలో ఆపరేషనైంది. రెండు నెలల్లో యలమంద తన గోచీ తానే పెట్టుకుని, తన అన్నం తానే కలుపుకుని తినసాగాడు. కాలి పుండు మానింది.

కాని కరకట్ట ఎక్కడం మానలేదు.

"మిగతావన్నీ కుదిరినయ్యమ్మా. అదొక్కటే," అంది పెద్దింట్లమ్మ. "మళ్ళీ తాడు కట్టమంటారా?"

"వద్దు. నేనొచ్చి చూస్తాను."

తర్వాతి గురువారం, రాత్రికి తల్లి దగ్గర పడుకోమని సరళకి చెప్పి వచ్చి, గౌసియా అవనిగడ్డ నుంచి ఆటోలో ఆ పల్లెకి వెళ్ళింది. రొయ్యల చెరువులు దాటాక రోడ్డు లేదు, నడక. పొద్దు వాలింది. సముద్రపు పోటుని ఆపడానికి వేసిన కరకట్ట మీద సన్నని మనిషి, భుజాన కర్రతో, సముద్రం వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. అడుగుల చప్పుడికి గిరుక్కున తిరిగాడు.

"థమ్! కౌన్ ఆతా హై?"

ఆగు, ఎవరొస్తున్నారని మిలిటరీ కాపలావాడు అడిగే మాట అది. గౌసియా నోటికి జవాబు దానంతటదే వచ్చింది. "దోస్త్." దగ్గరికెళ్ళి, ఆఫీసరు గొంతుతో హిందీలోనే చెప్పింది: హవల్దార్ యలమంద డ్యూటీ అయిపోయింది, ఇక దిగి విశ్రాంతి తీసుకోవచ్చు.

యలమంద సెల్యూట్ చేశాడు. కాని కదల్లేదు. ఆమె వెనక్కి చూశాడు, చీకటి పడుతున్న దారి వైపు. ఈసారి తెలుగులో అడిగాడు.

"నా బదులు ఎవరండీ?"

బదులు మనిషి లేకుండా కాపలా దిగకూడదు. అది ఆమె మరిచిపోయింది. "నేనే," అంది.

ఆయన ఆమె చీరనీ, చేతిసంచీనీ కాసేపు చూసి, మనసొప్పకుండానే కర్ర చేతికిచ్చాడు. కట్ట దిగాడుగాని ఇంటికి పోలేదు. కిందే కూర్చుని, ఆమె నిద్రపోకుండా ఉందో లేదో చూస్తూ ఉండిపోయాడు. సముద్రపు గాలికి చీర కొంగు ఎగిరిపోతుంటే, యాభై దాటిన ఆ డాక్టరు కర్ర పట్టుకుని కట్ట మీద అలాగే నిలబడింది. ఏం చెయ్యాలో తోచలేదు. ఆమె చదువుకున్నది అక్కడితో అయిపోయింది.

చివరికి పెద్దింట్లమ్మే కట్ట ఎక్కింది. "మీరు దిగండమ్మా," అని కర్ర తీసుకుని, సముద్రం వైపు తిరిగి చతికిలబడింది. కిందికి వినబడేలా గొంతు పెంచింది.

"ఏవయ్యా! నీళ్ళు ఎనక్కే ఉన్నయ్. నేను చూత్తన్నా. నువ్వెళ్ళి పడుకో."

"నిద్దరోవుగా?"

"పోను."

యలమంద లేచి, ఒంటి మీద ఇసక దులుపుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి గురక వినబడింది.

గౌసియా ఆవిడ పక్కన కూర్చుంది. సముద్రం వైపే చూస్తూ పెద్దింట్లమ్మ చెప్పింది.

"ఆయన కాపలా యుద్దానిక్కాదమ్మా, సంద్రానికి. ఉప్పెనొచ్చిన నాడు మా ఇద్దరు పిల్లలూ గాలికి బయపడి లేచి కూకున్నారు. ఏం కాదురా, నేను మిలిటరీవోణ్ణి, నేనుండగా మీకేంటని పడుకోబెట్టాడు. ఈయన కూడా కునుకు తీశాడు. తాటిచెట్టంత నీళ్ళొచ్చినయ్. మేవిద్దరం మిగిలాం." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలా ఆయన. మతి చెడ్డాకే ఈ కట్టెక్కటం. నేనేమో, పిల్లలెప్పుడో పోయారయ్యా, ఇంకెవరికయ్యా నీ కాపలా అని కసిరేదాన్ని. ఆ మాటన్నప్పుడల్లా ఆయనకి పిల్లలు అప్పుడే పోయినట్టుండేది. ఇందాక మీరు కర్ర పుచ్చుకుని నిలబడ్డారు చూడండి, అప్పుడు తట్టింది నాకు. ఆయన్ని ఇటు లాగటం నావల్ల కాదు. నేనే అటెళ్ళాలి."

మర్నాడు బస్సులో గౌసియా పొలాల వైపు చూస్తూ కూర్చుందిగాని ఏమీ కనబడలేదు. ఆ సాయంత్రం ఆస్పత్రి మూసి ఇంట్లోకి అడుగు పెట్టేసరికి ఆమినా బీ కుర్చీలోంచి లేచింది.

"రండి డాక్టర్ గారూ. మా అమ్మాయి ఇంకా రాలేదు."

గౌసియా చేతిసంచీ కింద పెట్టి, తనకలవాటైన మంచం మీద కాకుండా, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుంది. "పర్వాలేదండీ," అంది. "ఆ అమ్మాయి గురించి చెప్పండి. వింటాను."

ఆమినా బీ మొహం విప్పారింది. ఆ రోజు ఏడుపు లేదు. చెప్పడం మొదలుపెట్టిన మనిషి చీకటి పడేదాకా ఆపలేదు. కూతురికి తలంటితే వీధంతా వినబడేలా అరిచేదట. డాక్టరు సీటు వచ్చిన రోజు వాళ్ళ నాన్న సైకిలు ఎక్కడో మరిచిపోయి నడిచొచ్చాడట. అది మిలిటరీకి వెళ్ళిన రోజు రైలు కదిలేదాకా తను నవ్వుతూనే ఉండి, ఇంటికొచ్చాక రెండు రోజులు పొయ్యి వెలిగించలేదట. గౌసియాకి ఇవేవీ తెలియవు. తల్లి తనతో ఇంత మాట్లాడిందీ ఎన్నడూ లేదు. కూతురితో చెప్పని మాటలన్నీ ఆ తల్లి పరాయి డాక్టరుతో చెప్పుకుంది.

తర్వాతి సాయంత్రాలు అలాగే గడిచాయి. పగలు ఊళ్ళు తిరిగిన డాక్టరు సాయంత్రానికి తన ఇంటికే చుట్టపుచూపుగా వచ్చేది. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకోవాలనిపించిన రోజులున్నాయి. కాని ఎవరో డాక్టరు అలా పడుకుంటే ఆమినా బీ బెదిరిపోతుంది. అందుకని నాడి చూసే వంకతో చెయ్యి పట్టుకునేది. అంతవరకే. నాడి చూడడం అయ్యాక కూడా ఆ చెయ్యి వదలకుండా కొంచెంసేపు ఉంచుకునేది.

ఒక రంజాన్ నెల సాయంత్రం, ఉపవాసం విడిచాక, ఆమినా బీ ఖర్జూరం గింజని కొంగులో చుట్టుకుంటూ హఠాత్తుగా అంది.

"డాక్టర్ గారూ, మీతో ఒక మాట. మా గౌసియా పైకి అలా ఉంటుందిగాని ఒంటరిదండీ. దానికి నోరు తెరిచి అడగడం రాదు. నేను పోయాక దానికెవరున్నారు? మీరు మంచివారు. కాస్త దాన్ని చూస్తూ ఉండండి."

తల్లి జవాబు కోసం ఎదురు చూస్తోంది.

"చూస్తానండీ," అంది.

"మాట ఇచ్చినట్టేనా?"

"ఇచ్చినట్టే."

ఆమినా బీ తృప్తిగా తల ఊపి, కొంగు ముడి విప్పి, ఆ గింజ ఎందుకు దాచిందో గుర్తు రాక, డాక్టరు చేతిలో పెట్టింది.

యలమంద 1998లో నిద్రలోనే పోయాడు. ఆ మరుసటి చలికాలం ఆమినా బీ పోయింది. చివరి రోజుల్లో మాట లేదు. ఏదో ఒక క్షణాన కళ్ళు తెరిచి 'నువ్వు' అంటుందేమోనని గౌసియా ఆశపడింది. డాక్టరుగా అలాంటివి జరగవని తెలిసినా ఆశపడింది. అలాంటిదేమీ జరగలేదు. మూడో రోజు పెద్దింట్లమ్మ కబురు విని, బస్సెక్కి వచ్చి, వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గౌసియాకి అన్నిటికంటే కష్టమైంది తాళం తీసుకుని ఇంట్లోకి వెళ్ళడం. గుడివాడలో సోమవారం పని అయిపోయినా ఏదో వంకతో ఉండిపోయేది. నాగభూషణరావు గమనించి, "ఆఖరి బస్సు మేడం" అని గుర్తు చేసేవాడు.

2003లో ప్రభుత్వం మాజీ సైనికులకి వైద్య పథకం తెచ్చింది. కార్డులు వచ్చాయి, పెద్ద ఆస్పత్రుల తలుపులు తెరుచుకున్నాయి. నాగభూషణరావు దగ్గరుండి అందరి చేతా చేర్పించాడు. గుడివాడ గదిలో జనం పలచబడ్డారు. "మీరు పదేళ్ళు మొత్తుకున్నది ఇన్నాళ్ళకి వచ్చింది మేడం, సంతోషం కాదూ?" అన్నాడాయన. సంతోషమే అంది గౌసియా. నిజంగా సంతోషమే. కాని సోమవారాలు ఖాళీ అయిపోయాయి. అవనిగడ్డకి మాత్రం ఇంకా వచ్చేవాళ్ళు. ఏ కార్డూ లేని ముసలివాళ్ళు, మందు కోసం కాక తమ మాట ఎవరైనా వింటారని వచ్చేవాళ్ళు.

2005 వేసవిలో పెద్దింట్లమ్మకి కంటి శుక్లం ఆపరేషను గౌసియా బందరులోనే చేయించింది. కన్ను కుదుటపడేదాకా తన ఇంట్లోనే ఉంచుకుంది. ఆ నెలంతా వంటింట్లో రెండు కంచాలు కడిగే చప్పుడుండేది. పెద్దింట్లమ్మ చేపల పులుసులో కారం ఎక్కువైందని గౌసియా, గౌసియాకి అసలు చేపలు కొనడమే రాదని పెద్దింట్లమ్మ.

వెళ్ళే రోజు బస్టాండులో గౌసియా అడిగింది. అలా అడగడం ఆమెకి చేతకాని పని. బస్సు బయల్దేరబోతుండగా అడిగింది.

"ఇక్కడే ఉండిపోరాదూ, పెద్దింట్లమ్మ గారూ?"

ఆవిడ నల్ల కళ్ళద్దాలు తీసి ఆమె మొహం తేరిపార చూసింది. కొత్త చూపుతో అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

"ఉండాలనే ఉందమ్మా. అక్కడ నా వాళ్ళు ముగ్గురున్నారు. సందేళకి కట్టెక్కకపోతే నాకు తోచదు." చెయ్యి పట్టుకుంది. "గురువారం వస్తారుగా?"

"వస్తాను."

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, గౌసియా కోనేరు సెంటర్ మీదుగా ఎండలో నడిచి ఇంటికొచ్చింది. ముందుగదిలో బెంచీ మీద ఒక ముసలాయన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో మందుల సంచీతో. సరళ ఆయనకి మంచినీళ్ళిచ్చి వెళ్ళినట్టుంది, గ్లాసు పక్కన ఉంది.

"వెంట ఎవరూ రాలేదా?" అంది గౌసియా.

"ఎవరూ లేరండీ," అన్నాడాయన.

ఆమె బల్ల వెనక్కి పోలేదు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, "సరే, మొదట్నుంచీ చెప్పండి" అంది.